కౌలాలంపూర్‌లో ఇల్లు ఎక్కడ తీసుకోవాలి? అద్దె ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది

కౌలాలంపూర్‌లో ఉద్యోగం ఖాయమైనవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఎనిమిది వేల రింగిట్లు ఇస్తామంటున్నారు, సరిపోతాయా?" దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. అదే జీతంతో రైలు స్టేషన్ పక్కన ఉండే భార్యాభర్తలు నెలకు రెండు వేలకు పైగా వెనకేసుకోగలరు. ఇద్దరు పిల్లల్ని ఇంటర్నేషనల్ స్కూల్లో వేసి, కారు కొని, విదేశీయులు ఎక్కువగా ఉండే మోంట్ కియారాలో దిగిన కుటుంబానికి అది చాలనే చాలదు. బియ్యం, కూరగాయల దగ్గర ఇంత తేడా రాదు. ఇల్లు ఎక్కడ, ఆఫీసుకు రైలు ఉందా, పిల్లలు ఏ బడికి వెళ్తారు అన్న మూడింటి దగ్గరే డబ్బంతా తేలిపోతుంది.

ఇక్కడ రింగిట్‌ను 20 రూపాయలుగా లెక్కేశాను, గుర్తుపెట్టుకోవడానికి తేలిక కాబట్టి. రేటు పైకీ కిందికీ వెళ్తుంటుంది, మీరు వెళ్లేనాటి రేటు చూసుకోండి. అద్దెలు కూడా ప్రకటనల్లో మామూలుగా కనిపించే అంకెలే. బేరమాడితే వంద, రెండొందలు తగ్గుతాయి.

ఇంకో విషయం మొదటే చెప్పాలి. కౌలాలంపూర్ చవక అని యూట్యూబ్‌లో చెప్పే స్థానికుల లెక్క మనకు సరిపోదు. ఈ ఊళ్లో చాలావాటికి రెండు ధరలు. నెలకు 50 రింగిట్లకు రైళ్లు, బస్సులు ఎన్నిసార్లైనా ఎక్కే మై50 పాస్ మలేషియా పౌరులకే ఇస్తారు. ప్రభుత్వ క్లినిక్‌లో ఒక్క రింగిట్‌కు డాక్టర్‌ను చూపించుకోవడం కూడా వాళ్లకే, విదేశీయులు దానికి ఎన్నో రెట్లు కట్టాలి. 2025 సెప్టెంబర్ చివరి నుంచి పెట్రోలు కూడా అంతే. ఆర్‌ఓఎన్95 రకం పెట్రోలు లీటరు పౌరులకు 1.99 రింగిట్లు, మిగతావాళ్లకు మార్కెట్ ధర. ఆ పద్ధతి మొదలైనప్పుడు అది 2.60 ఉంది. కాబట్టి ఆఫీసులో పక్క సీటు మలేషియా మిత్రుడు "నాకు నెలకు ఇంతే అవుతుంది" అంటే ఆ అంకెను మీ ఖాతాలో వేసుకోకండి.

బ్రిక్‌ఫీల్డ్స్: మొదటి ఏడాదికి దీన్ని మించింది లేదు

కెఎల్ సెంట్రల్ స్టేషన్‌కు ఆనుకుని ఉన్న పేట ఇది. ఎల్‌ఆర్‌టీ (తేలికపాటి మెట్రో), మోనోరైలు, కెటిఎమ్ లోకల్ రైళ్లు, విమానాశ్రయానికి వెళ్లే ఎక్స్‌ప్రెస్ అన్నీ ఇక్కడే దొరుకుతాయి. ముజియం నెగారా ఎమ్‌ఆర్‌టీ (మెట్రో) స్టేషన్‌కు నడవా దారి ఉంది. ఆఫీసు కెఎల్‌సీసీ టవర్ల దగ్గరైనా, టీఆర్‌ఎక్స్ ఆఫీసుల పేటలోనైనా, బాంగ్సార్ సౌత్‌లోనైనా రైలు టికెట్ రెండు మూడు రింగిట్ల మాటే. రోజుకు రానూపోనూ ఆరు వేసుకున్నా 22 పనిదినాలకు 132 రింగిట్లు. పాస్ లేకపోయినా ఇంతే కాబట్టి బాధ లేదు.

ఇతరులతో పంచుకునే ఇంట్లో గది 700 నుంచి 1,100 వరకు ఉంటుంది. లిఫ్టు లేని పాత అపార్ట్‌మెంట్ మొత్తంగా 1,200 నుంచి 1,800. స్విమ్మింగ్ పూల్, జిమ్, సెక్యూరిటీ ఉన్న కొత్త కాండోలో రెండు బెడ్‌రూమ్‌లకు 2,200 నుంచి 3,500. పాత బిల్డింగ్ చూడటానికి బాగుండదు, మెట్లమీద సామాన్లు మోయాలి, పార్కింగ్ గొడవ ఉంటుంది. కానీ కారు లేనివాళ్లకు పార్కింగ్‌తో పనేముంది?

ఇక్కడ ఉండటంలో అసలు లాభం తిండి దగ్గర కనిపిస్తుంది. ఇది లిటిల్ ఇండియా. తరాలుగా ఉన్న తమిళుల వల్ల కరివేపాకు, మునక్కాడ, బీరకాయ, కందిపప్పు, ఇడ్లీ రవ్వ ఇంటి కిందే దొరుకుతాయి. అరిటాకు భోజనం 12 నుంచి 16 రింగిట్లు, అన్నం మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. సోనామసూరి కోసం ఊరంతా తిరగక్కర్లేదు. తెలుగు మాట తక్కువగానే వినిపిస్తుంది, తమిళం ముక్కలు నాలుగు వస్తే బతుకు సాఫీగా సాగుతుంది. మలేషియాలో తెలుగువాళ్లు బ్రిటిష్‌వాళ్ల కాలంలోనే రబ్బరు, కొబ్బరి తోటల్లో పనికి వచ్చారు. వాళ్ల వారసులు, మలేషియా తెలుగు సంఘం ఉగాది, సంక్రాంతులు జరుపుతూనే ఉన్నారు. అయితే వాళ్లు దేశమంతా విస్తరించి ఉన్నారు. 'తెలుగు పేట' అంటూ ఒకటి లేదు.

చిక్కు ఏమిటంటే పండగ రోజుల్లో రద్దీ, రాత్రి పొద్దుపోయేదాకా హారన్లు. చిన్నపిల్లలు ఆడుకునే చోటు తక్కువ. బ్యాచిలర్లకు, కొత్త జంటలకు ఇది సరే. స్కూలుకు వెళ్లే పిల్లలుంటే ఏడాది తర్వాత మారాల్సి వస్తుంది.

మోంట్ కియారా: కారు ఖర్చు కలిపి చూడండి

విదేశీయులు ఎక్కువగా ఉండే చోటు ఏదంటే ఏజెంట్లు మొదట చూపించేది ఇదే. కొరియన్లు, జపనీయులు, యూరోపియన్లు, ఉత్తరాది కుటుంబాలు బోలెడు. గార్డెన్ ఇంటర్నేషనల్, మోంట్ కియారా ఇంటర్నేషనల్ లాంటి స్కూళ్లు ఇక్కడే ఉన్నాయి. ఇళ్లు విశాలం. పాత కాండోల్లో మూడు బెడ్‌రూమ్‌ల ఇల్లు మూడు వేల చిల్లరకు కూడా దొరుకుతుంది. హైదరాబాద్‌లో గేటెడ్ కమ్యూనిటీ అద్దెలు కట్టినవాళ్లకు, అన్ని సదుపాయాలున్న ఇల్లు ఆ ధరకు వస్తుందంటే మనసు లాగుతుంది.

ఇక్కడే జాగ్రత్తపడాలి. మోంట్ కియారాలో రైలు స్టేషన్ లేదు. వలయంలా వచ్చే కొత్త ఎమ్‌ఆర్‌టీ లైను ఈ పక్కగా వెళ్తుందని ప్లాన్ ఉంది గానీ, ప్లాన్‌ను నమ్ముకుని ఈ ఏడాది ఇల్లు తీసుకోలేం కదా. గ్రాబ్ టాక్సీలో (మన ఓలా, ఉబర్ లాంటిది) ఊళ్లోకి 15 నుంచి 25 రింగిట్లు, సాయంత్రం వాన పడిందంటే రేటు దాదాపు రెట్టింపు. కౌలాలంపూర్‌లో సాయంత్రం వాన వింతేమీ కాదు. ఏప్రిల్, నవంబర్ నెలల్లో అయితే గొడుగు లేకుండా గడప దాటరు. రోజూ గ్రాబ్ అంటే నెలకు 800 పైనే. అందుకని అందరూ కారు కొంటారు.

కారు ఖర్చు ఒకసారి పక్కనే రాసుకోండి. పెరోడువా మైవి, అక్సియా లాంటి చిన్న బండికి వాయిదా 500 నుంచి 700. పైగా విదేశీయులకు లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకులు ఎక్కువ డౌన్ పేమెంట్ అడుగుతాయి, వర్క్ పాస్ ఎన్నాళ్లుందో చూస్తాయి. నెలకు 120 లీటర్ల పెట్రోలు, లీటరు పైన చెప్పిన 2.60 చొప్పున 312. ఆఫీసు దగ్గర నెలవారీ పార్కింగ్ 200 పైమాటే. ఊరి చుట్టూ టోల్‌గేట్లు, ఇన్సూరెన్స్, రోడ్ టాక్స్, సర్వీసింగ్ ఉండనే ఉన్నాయి. మొత్తం 1,200, 1,300 దగ్గర తేలుతుంది. అంటే మోంట్ కియారాలో 3,200 అద్దె ఇల్లు నిజానికి మీకు 4,500 ఇల్లు. ఆ డబ్బుతో బ్రిక్‌ఫీల్డ్స్‌లో గానీ బాంగ్సార్ సౌత్‌లో గానీ మంచి కొత్త కాండో తీసుకుని ఇంకా చేతిలో వెయ్యి మిగుల్చుకోవచ్చు.

కంపెనీ కారో, కారు అలవెన్సో, స్కూలు ఫీజో ఇస్తుంటే మాత్రం మోంట్ కియారాకు వంక పెట్టలేం. పిల్లలు నడిచి బడికి వెళ్లిపోతారు, తల్లిదండ్రులకు టెన్షన్ ఉండదు. సొంత డబ్బుతో అయితే రెండుసార్లు ఆలోచించాలి.

మధ్యలో ఉన్నవి

ఎల్‌ఆర్‌టీ కెలానా జయ లైను వెంబడి చూడటం నాకు నచ్చిన పద్ధతి. యూనివర్సిటీ, కెరించి స్టేషన్ల దగ్గరి బాంగ్సార్ సౌత్‌లో ఐటీ ఆఫీసులు చాలా ఉన్నాయి. రెండు బెడ్‌రూమ్‌ల కాండో 2,200 నుంచి 3,200. ఇదే లైను మీద పెటాలింగ్ జయ, సుబాంగ్ జయ వైపు వెళ్తే మూడు బెడ్‌రూమ్‌లు 1,500 నుంచి 2,500కు వస్తాయి. కుటుంబాలు, పార్కులు, పెద్ద ఆసుపత్రులు, మాల్స్ అన్నీ ఉంటాయి. రెండో వైపు వంగ్సా మాజు, సెతాపాక్ ఇంకా చవక, 1,400 నుంచి 2,000. ఎమ్‌ఆర్‌టీ కజాంగ్ లైను మీద చెరాస్ కూడా ఇంతే.

ఇక్కడ ప్రకటనల్లో ఒక మాయ ఉంది. "స్టేషన్‌కు ఐదు నిమిషాలు" అంటే కారులో ఐదు నిమిషాలు. మధ్యలో ఫుట్‌పాత్ లేని హైవే ఉండొచ్చు. కౌలాలంపూర్ కారు కోసం కట్టిన ఊరు, మ్యాపులో 400 మీటర్లున్న చోటికి నడవడానికి దారే లేకపోవచ్చు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఏజెంట్ కారు ఎక్కకుండా స్టేషన్ నుంచి ఆ ఇంటికి నడవండి, అదీ మధ్యాహ్నం రెండు గంటల ఎండలో. ఆ నడక మీవల్ల కాకపోతే ఆ ఇంటికి రైలు ఉన్నా లేనట్టే. స్టేషన్‌కు చేర్చే ఫీడర్ బస్సు ఒక్క రింగిట్‌కే వస్తుంది గానీ, ఎప్పుడు వస్తుందన్నదే ప్రశ్న.

సైబర్‌జయ సంగతి వేరు. ఆఫీసు అక్కడే ఉంటే కళ్లు మూసుకుని అక్కడే ఉండండి. 1,200 నుంచి 1,900కు మూడు బెడ్‌రూమ్‌ల ఇల్లు, గాలి వెలుతురు, పచ్చదనం, అన్నీ బాగుంటాయి. ఆఫీసు ఊళ్లో ఉంటే మాత్రం అద్దె చూసి మోసపోవద్దు. 2023 మార్చిలో పుత్రజయ లైను పూర్తిగా మొదలయ్యాక సైబర్‌జయకు ఎమ్‌ఆర్‌టీ వచ్చింది నిజమే, కానీ చాలా కాండోలు స్టేషన్‌కు దూరం, పైగా ఊళ్లోకి ప్రయాణం గంటకు అటూ ఇటూ. కారు లేకపోతే శని, ఆదివారాలు ఏమీ తోచదు. ఉద్యోగం చేయని భార్యో భర్తో రోజంతా ఇంట్లో ఒంటరిగా ఉండాల్సి వస్తే అద్దెలో మిగిలిన వెయ్యి ఎందుకూ కొరగాదు. డిపెండెంట్ పాస్ (ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే అనుమతి) మీద వచ్చినవాళ్లు వేరే అనుమతి లేకుండా ఉద్యోగం చేయకూడదు. కాబట్టి ఇంట్లో ఉండే మనిషికి ఏది దగ్గర అన్నది కూడా ఇల్లు ఎంచుకునేటప్పుడు లెక్కలోకి రావాలి. చాలామంది మగవాళ్లు ఈ సంగతే మరిచిపోతారు.

ఇల్లు దొరకడం, డబ్బు కట్టడం

మామూలు పద్ధతి: రెండు నెలల డిపాజిట్, కరెంటు నీళ్లకు అర నెల డిపాజిట్, మొదటి నెల అద్దె ముందుగా. అద్దె 2,000 అయితే మొదటి రోజే 7,000 రింగిట్లు, అంటే మన లెక్కలో 1,40,000 రూపాయలు. దీనికి అగ్రిమెంట్ స్టాంప్ డ్యూటీ అదనం. బెంగళూరులో పది నెలల అడ్వాన్స్ కట్టినవాళ్లకు ఇది ఎక్కువనిపించదు, కానీ జీతం రాకముందే కట్టాల్సిన సొమ్ము కాబట్టి ఇండియా నుంచే తెచ్చుకోవాలి. స్పీడ్‌హోమ్ లాంటి అద్దె ఇళ్ల సైట్లలో డిపాజిట్ లేని ఇళ్లు కూడా దొరుకుతాయి. దానికి బదులు వేరే రుసుము ఉంటుంది, అది చదివి ఒప్పుకోండి.

అగ్రిమెంట్‌లో డిప్లొమాటిక్ క్లాజ్ ఉందా అని అడగండి. ఉద్యోగం పోయినా, కంపెనీ వేరే దేశం పంపినా గడువుకు ముందే ఖాళీ చేసే వీలు ఇచ్చేది అదే. అది లేకుండా రెండేళ్ల అగ్రిమెంట్ మీద సంతకం పెడితే డిపాజిట్ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇంట్లో దిగిన రోజే గోడలు, ఏసీ, పరుపు, గ్యాస్ పొయ్యి అన్నిటికీ ఫొటోలు తీసి ఏజెంట్‌కు వాట్సాప్ చేసేయండి.

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి: కొన్ని ప్రకటనల్లో ఫలానా జాతివాళ్లకే అద్దెకిస్తామని బాహాటంగా రాస్తారు. ఇండియన్లు వద్దు అనే మాట కూడా కనిపిస్తుంది. మలేషియాలోనే పుట్టిపెరిగిన భారత సంతతివాళ్లకూ ఇది తప్పదు. అలాంటి ఇంటికి ఫోన్ చేసి బతిమాలడం టైమ్ వేస్ట్. మొదటి ఫోన్‌లోనే మీరెవరో, ఎక్కడ పని చేస్తారో, ఇంట్లో వండుకుంటారో లేదో చెప్పేస్తే వడపోత అక్కడే అయిపోతుంది.

తిండి: వండుకోవాలా, బయట తినాలా

మన దగ్గర ఇంట్లో వండుకుంటే చవక అనేది తిరుగులేని మాట. కౌలాలంపూర్‌లో ఒంటరి మనిషికి అది అంత నిజం కాదు. మామక్ హోటల్లో (తమిళ ముస్లింలు నడిపేది) రోటీ చనాయ్ అనే పరోటా రెండు రింగిట్ల దగ్గర, తే తారిక్ అనే పాల టీ రెండున్నర. అన్నం, రెండు కూరలు పెట్టే ఎకానమీ రైస్ పది లోపు. శాకాహారికి బయట కొంచెం కష్టం, బ్రిక్‌ఫీల్డ్స్ దాటితే మరీ కష్టం. ఒక్కరే ఉంటే పొద్దున ఇంట్లో, మధ్యాహ్నం బయట, రాత్రి ఏదో ఒకటి అనుకుంటే నెలకు 800, 900లో గడిచిపోతుంది.

ఇద్దరు, ముగ్గురు ఉంటే వంట ఇల్లే మేలు. స్థానికంగా పండిన తెల్ల బియ్యం ధర ప్రభుత్వ నియంత్రణలో 10 కిలోలకు 26 రింగిట్లే. కానీ మనం తినే సన్నబియ్యం దిగుమతి సరుకు, దాని ధర వేరు. కోడి మాంసం చవక, కిలో పది రింగిట్ల చుట్టూ. మనకు దెబ్బ తగిలేది పాల దగ్గర. తాజా పాలు లీటరు ఎనిమిది రింగిట్ల దాకా, అంటే 160 రూపాయలు. రోజూ పెరుగన్నం తినే ఇల్లు, ఇద్దరు పిల్లలు ఉంటే పాల బిల్లు కరెంటు బిల్లుతో పోటీ పడుతుంది. పని మనిషి విషయం కూడా ముందే తెలుసుకోండి, గంటకు 20, 25 రింగిట్లు. వారానికి ఒకసారి నాలుగు గంటలు పిలిచినా నెలకు 320 నుంచి 400.

కరెంటు ఏసీ మీద ఆధారపడి ఉంటుంది. ఏడాది పొడవునా ఎండే కాబట్టి చలికాలంలో తగ్గుతుందనుకోవడానికి లేదు. నీళ్లు చాలా చవక. ఇంటర్నెట్ గురించి ఆలోచించనక్కర్లేదు, వంద రింగిట్ల చుట్టూ మంచి ఫైబర్ వస్తుంది.

మూడు ఇళ్ల లెక్క

బ్రిక్‌ఫీల్డ్స్‌లో గదిలో ఉండే ఒంటరి మనిషికి అద్దె 900, తిండి 900, రైలు 150, మిగతావి 500. రెండున్నర వేల లోపే. బాంగ్సార్ సౌత్‌లో ఇద్దరికి అద్దె 2,500, కరెంటు ఇంటర్నెట్ 250, సరుకులు 1,200, రైలు గ్రాబ్ 300, బయట తిండి 500. మొత్తం 4,750. మోంట్ కియారాలో నలుగురికి అద్దె 3,500, కారు 1,300, సరుకులు 1,800, కరెంటు ఇంటర్నెట్ 450, ఏడాదికి 25,000 చొప్పున ఇద్దరు పిల్లల ఫీజు నెలకు 4,200 దాకా. 11,000 దాటింది, ఇంకా సినిమాకు కూడా వెళ్లలేదు.

చూశారుగా, కుటుంబానికి అద్దె కన్నా బడి ఖర్చే పెద్దది. 25,000 అనేది మధ్యస్థం కూడా కాదు, కిందివైపు ఉండే ఫీజు. పెద్ద పేరున్న స్కూళ్లు 60,000 దాటతాయి. 2025 జూలై నుంచి ఆ అంకె దాటిన ఫీజు మీద 6 శాతం సర్వీస్ టాక్స్ కూడా పడుతోంది. అందుకే పిల్లలున్నవాళ్లు ముందు స్కూలు, ఆ తర్వాత ఇల్లు. సీబీఎస్‌ఈ చెప్పే స్కూళ్లు కొన్నే ఉన్నాయి. రెండు మూడేళ్లలో తిరిగి వచ్చేయాలనుకుంటే వాటిలో సీటు ఎక్కడ దొరికితే అక్కడికి రైలు గానీ బడి వ్యాన్ గానీ ఉన్న పేట చూడండి. పిల్లలు బడి ఈడు రాకముందు వెళ్లేవాళ్లు అదృష్టవంతులు, డబ్బు వెనకేసుకునే రోజులు అవే.

ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు

చేరే తేదీ కూడా డబ్బే. క్యాలెండర్ సంవత్సరంలో 182 రోజులు మలేషియాలో ఉంటే రెసిడెంట్‌గా మెల్లగా పెరిగే శ్లాబుల్లో పన్ను పడుతుంది. అంతకన్నా తక్కువ ఉంటే జీతం మీద నేరుగా 30 శాతం. కొన్ని మినహాయింపులున్నా, జూలై మొదటి మూడు రోజులు దాటాక చేరినవాళ్లకు ఆ ఏడాది చేతికొచ్చే జీతం బాగా తగ్గొచ్చు. ఎనిమిది వేల జీతంలో 2,400 పన్నుకే పోతే పైన వేసిన ఏ లెక్కా నిలవదు. కంపెనీ సెప్టెంబర్‌లో రమ్మంటే, ఆ నాలుగు నెలల తేడా ఎవరు భరిస్తారో అడగండి. జాయినింగ్ జనవరికి జరపగలిగితే జరపండి.

2025 అక్టోబర్ నుంచి విదేశీ ఉద్యోగుల జీతంలోనూ 2 శాతం ఈపీఎఫ్‌కు కోస్తారు, కంపెనీ ఇంకో 2 శాతం వేస్తుంది. ఆ డబ్బు మీ ఖాతాలోనే ఉంటుంది కాబట్టి నష్టం కాదు, చేతికొచ్చే అంకె మాత్రం తగ్గుతుంది. ప్రైవేటు ఆసుపత్రి బిల్లు మీద విదేశీయులకు 6 శాతం టాక్స్ కూడా 2025 జూలై నుంచే మొదలైంది. కంపెనీ ఇన్సూరెన్స్ మీకొక్కరికేనా, భార్యాపిల్లలకు కూడానా, కాన్పు ఖర్చు వస్తుందా అన్నవి హెచ్‌ఆర్‌ను ఈమెయిల్‌లో అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. తాత్కాలికంగా ఉండటానికి మొదటి రెండు వారాలైనా కంపెనీ హోటల్ ఇస్తుందేమో కూడా అదే ఈమెయిల్‌లో అడిగేయండి. ఇండియాలో కూర్చుని ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి ఇంటికి డిపాజిట్ పంపకండి. హోటల్ నుంచి స్టేషన్‌కు, స్టేషన్ నుంచి ఇంటికి నడిచి చూశాకే కట్టండి.